రాలిన పూలే తేవాలి

"చెట్టు మీది పువ్వు తెంపితే చెట్టుకు నొప్పి అవుతుంది. కింద పడ్డదే ఏరాలి. సమజ్‌లా?" అంది స్నేహల్ టీచర్.

బాల్వాడీ పిల్లలంతా ఒక్క గొంతుతో "హో" అన్నారు. ఆ గల్లీలో చెట్టే లేదన్న సంగతి ఎవరూ అనలేదు. కామాటిపురలోని ఆ గల్లీ మొత్తానికి పచ్చగా కనిపించేది ఒక్కటే. ఎదురు చాళ్ మూడో అంతస్తులో, మోరీ పైపు పక్కన, గోడను చీల్చుకుని మొలిచిన రావి మొక్క. అది పువ్వు పూసి రాల్చేది కాదు.

స్నేహల్ దాదర్‌లో పెరిగిన తెలుగు పిల్ల. ఆమె తెలుగులో సగం మరాఠీ ఉండేది. ఒక సంస్థ ఆమెను వారానికి రెండుసార్లు ఇక్కడికి పంపేది. ఒక్కో ఋతువులో పిల్లల చేత ప్రకృతితో ఒక బొమ్మ చేయించాలి, అదీ ఆమె పని. వానల్లో ఆకులకు రంగు పూసి కాగితం మీద అచ్చులు వేయించింది. ఆకులు ఆమే సంచీలో తెచ్చింది. ఇప్పుడు వానలు తగ్గాయి. ఈసారి పూలరెక్కలను పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, ఎండిన తర్వాత అట్ట మీద అతికించి బొమ్మ చేయాలి. పూలు మాత్రం పిల్లలే వెతికి తేవాలి. వెతకడమే అసలు చదువని సంస్థవాళ్లు ఆమెకు చెప్పారు.

బరువుకు ఇటుకలు కావాలంది టీచర్. ముత్తమ్మ తెచ్చింది. తను పనిచేసే సైటు నుంచి నెత్తిన పెట్టుకుని, ఫాక్‌లాండ్ రోడ్డు దాటి తెచ్చి, కడిగి, ఆరబెట్టి మరీ ఇచ్చింది.

"మస్త్ బాయి. మీలాంటి అమ్మలు ఉంటే నాకు టెన్షనే లేదు" అంది స్నేహల్.

ముత్తమ్మ ఎవరు ఏది అడిగినా తెచ్చేది. ఎందుకంటే ఆమె కూతురు సంధ్య ఆ బాల్వాడీలో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఆ గది తెలుగు మండలిది. మండలి మూడు తరాలుగా బొంబాయిలో ఉన్న కుటుంబాలది. ముత్తమ్మా, ఆమె మొగుడు రాములూ మొన్న మొన్న పాలమూరు నుంచి దిగిన కూలీలు. మండలి అధ్యక్షుడు శివరాం కాళ్లు పట్టుకుంటే ఆయన చివరికి ఒక మాట అన్నాడు.

"దీపావళి దాక కూసోనీ. పిల్ల సాఫ్‌గ, సప్పుడు చెయ్యకుంట ఉంటె అప్పుడు పేరు రాద్దాం. లేకుంటె లేదు. మల్ల నన్ను అడగొద్దు."

బాల్వాడీ లేకపోతే సంధ్యను సైటుకు తీసుకుపోవాలి. పోయిన వానాకాలంలో పెద్దోడు సురేష్‌ను అలాగే తీసుకుపోయింది. వాడు ఇసుకలో ఆడుకుంటూ ఆడుకుంటూ లిఫ్టు గుంత వైపు పోయాడు. గుంత నిండా వాన నీళ్లు. అన్నం తినే వేళకు వెతికితే చెప్పు ఒకటి తేలుతూ కనిపించింది. ఆ తర్వాత సైటువాళ్లు గుంత చుట్టూ ఎర్ర రిబ్బన్ కట్టారు. ఈ వానలకు అది కూడా తెగిపోయింది.

అందుకని సంధ్యకు రోజూ పొద్దున తల దువ్వుతూ ముత్తమ్మ ఒకటే పాఠం చెప్పేది. "టీచర్ ఎట్ల చెప్తె గట్లనే చెయ్యాలె. ఆమె కూసో అంటె కూసో. లెవ్వంటె లెవ్వు. ఇనబడ్డదా?"

"ఇనబడ్డది" అనేది సంధ్య.

టీచర్ మళ్లీ వచ్చిన రోజు పిల్లలు పూలు తెచ్చారు. శివరాం మనవడు విక్కీ ప్లాస్టిక్ సంచీ నిండా బంతి, చామంతి, గులాబీ తెచ్చాడు. ఆ పూల మీద ఇంకా నీళ్లు చల్లిన తడి ఉంది. వాడి తల్లి ప్రతీక్ష పొద్దున్నే దాదర్ ఫూల్ మార్కెట్‌కు పోయి కొని తెచ్చింది. మిగతా తల్లులు కూడా అంతే. టీచర్‌కు అది తెలిసిపోయింది. నవ్వి, "వా! ఇన్ని పూలు ఎక్కడ రాలాయిరా?" అంది. విక్కీ "టాక్సీల" అన్నాడు. అందరూ నవ్వారు.

సంధ్య ఉత్త చేతులతో కూర్చుంది.

"నీ పూలేవి?"

"ఏడ పడలే టీచర్."

"వెతకాలి కదా. శనివారం లాస్ట్. తర్వాత నేను తీసుకోను."

బాల్వాడీ ఊడ్చే పెంటమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. "గీ పోరి పొద్దటికెల్లి మోరీల పొంటి తిరిగొచ్చింది టీచర్. ఒక్క రెక్క దొరకలే" అంది.

"దొరుకుతుంది మౌశీ. చూసే కళ్లు ఉండాలి" అంది టీచర్.

శుక్రవారం శివరాం తల్లి చనిపోయింది. మునిమనవలను ఎత్తుకున్న ముసలామె. అలాంటి చావును అక్కడ ఏడ్చి సాగనంపరు, ఊరేగిస్తారు. బ్యాండు పెట్టారు. దాదర్ నుంచి గోనె సంచుల్లో బంతిపూలు దించారు. పాడె ముందు శివరాం స్వయంగా నడుస్తూ, తమ్ముడు పట్టుకున్న పళ్లెంలోంచి పూలూ, పేలాలూ, చిల్లరా, గులాలూ కలిపి దోసిళ్లతో రోడ్డు మీద చల్లాడు. గల్లీవాళ్లు గుమ్మాల ముందు నీళ్లు చిలకరించి తలుపులు దగ్గరికి వేసుకున్నారు. పెంటమ్మ కూడా బాల్వాడీ తలుపు వేసింది. లోపల ఉన్న పిల్లల్లో ఒకరు తగ్గారని ఆమె చూసుకోలేదు.

పాడె ఫాక్‌లాండ్ రోడ్డు వైపు మళ్లగానే గల్లీ ఖాళీ అయింది. అల్లరి మూక పరుగెత్తి చిల్లర ఏరుకుంది. శవం మీద చల్లిన పైసలు ముట్టొద్దని ముత్తమ్మ సంధ్యకు ఎప్పుడో చెప్పింది. పూల సంగతి చెప్పలేదు. వాటిని ఎవరు ఏరుకుంటారని చెప్తుంది?

గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పూలే. తెంపినవి కావు, కొన్నవి కావు. కింద పడ్డవి. సంధ్య గౌను ఎత్తి పట్టుకుని, తొక్కుడు పడనివి చూసి చూసి ఏరింది. వాటి మధ్య తెల్లగా ఉన్న పేలాలు కూడా ఏరింది. పైసలు కనిపించిన చోట చేయి వెనక్కి తీసుకుంది.

శనివారం టీచర్ పూలు చూసి "బఘా! వెతికితే దొరికాయా లేదా?" అంది. ఎక్కడివని ఆ రోజు అడగలేదు. గులాల్ అంటిన రెక్కలను చూసి రంగు బాగుందంది. పేపర్ల మధ్య పరిచి, పైన ముత్తమ్మ తెచ్చిన ఇటుకలు పేర్చింది.

నవరాత్రులు దగ్గరపడే నాటికి రెక్కలు కాగితంలా ఎండాయి. పిల్లలు అట్టల ముందు కూర్చున్నారు. విక్కీ గులాబీ రెక్కలతో క్రికెట్ బ్యాటు అతికించాడు. మిగతావాళ్లు జెండా, మోదకం, మూడు చక్రాల బస్సు చేశారు. సంధ్య చెట్టు చేసింది. ఎండి ముదురు రంగుకు తిరిగిన బంతి రెక్కలతో కొమ్మలు, కొమ్మల చివర్లలో చదునైపోయిన పేలాలతో తెల్లపూలు. చెట్టు కింద నేల మీద కూడా పేలాలు అతికించింది.

"ఇవేంటి?" అంది టీచర్.

"రాలినయి" అంది సంధ్య.

స్నేహల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తను చెప్పిన పాఠం ఎదురుగా అట్ట మీద కనిపించింది ఆమెకు. నాలుగైదు ఫొటోలు తీసి అక్కడికక్కడే సంస్థవాళ్లకు పంపింది. పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులంతా చుట్టూ చేరారు.

"అగో, పేలాలు అంటించింది సూడు" అంది ప్రతీక్ష. "ఆకలైతె తినకుంట అట్టకు అంటించిందంటె పాలమూరు పిల్ల కాదే ఇది!"

నవ్వులు లేచాయి. ముత్తమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది. నవ్వాలి కదా.

శివరాం వచ్చి చూశాడు. తల్లి పోయిన ఏడు కాబట్టి ఆయన ఇంట్లో పండుగ లేదు. మండలి పండుగ మాత్రం ఆగదు. ఈసారి హారతి ఇంకెవరైనా పడతారు, పక్కన నిలబడి అన్నీ జరిపించేది ఆయనే. అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మవారి కాళ్ల దగ్గర పెడదాం దీన్ని. మన బాల్వాడీ పేరొస్తది" అన్నాడు. పోతూ పోతూ ముత్తమ్మ వైపు తిరిగాడు. "పండుగ అయినంక పేరు రాపిద్దాం తియ్ నీ బిడ్డది."

ఆ రాత్రి ముత్తమ్మ రాములుకు అన్నం పెడుతూ ఆ మాటను మళ్లీ మళ్లీ చెప్పింది. "రాపిద్దాం అన్నడు. సూద్దాం అనలే. రాపిద్దాం అన్నడు."

నవరాత్రుల మొదటి రోజు సాయంత్రం గల్లీ మధ్య మండపంలో లైట్లు వెలిగాయి. అమ్మవారి పాదాల ముందు, కుంకుమ పళ్లెం పక్కన, సంధ్య చెట్టును నిలబెట్టారు. ఆడవాళ్లు పేర్చిన బతుకమ్మలను తెచ్చి దాని చుట్టూ దించారు. ప్రతీక్ష మైల ఏడని ఆడకుండా ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ముత్తమ్మ సైటు నుంచి వచ్చి, కాళ్లకు అంటిన సిమెంటు కడుక్కుని, చివర నిలబడింది.

స్నేహల్ మైకు తీసుకుంది. ఋతువుల గురించి, ప్రకృతి గురించి మాట్లాడింది. తర్వాత సంధ్యను ఎత్తి స్టేజీ మీద నిలబెట్టింది.

"ఈ చెట్టు చేసింది ఎవరు?"

"నేను."

"పూలు కొన్నావా?"

"లే."

"తెంపావా?"

"లే. చెట్టుకు నొప్పయితది."

చప్పట్లు కొట్టారు. శివరాం కూడా కొట్టాడు. స్నేహల్ పొంగిపోయింది. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు.

"మరి అందరికీ చెప్పు, ఎక్కడ దొరికాయి ఇంత మంచి పూలు?"

సంధ్య మైకును రెండు చేతులతో పట్టుకుంది. "గల్లీల. అవ్వను మోస్కపోయిన్రు గదా, అప్పుడు గీ కాక సల్లిండు. గవే" అని శివరాంను వేలితో చూపించింది. ఎవరూ చప్పట్లు కొట్టకపోయేసరికి, ఏదో తక్కువైందనుకుని కలిపింది. "పేలాలు గూడ గవే. పైసలు ముట్టలే. పైసలు మా అమ్మ ముట్టొద్దన్నది."

స్పీకర్లలో ఆ మాట ఫాక్‌లాండ్ రోడ్డు దాకా పోయింది.

ముందుగా లేచింది ప్రతీక్ష. "అయ్యో అమ్మా! పాడె మీది పూలు! అమ్మవారి కాళ్ల కాడ!" ఆమె చేతులను చీరకు తుడుచుకుంది, అట్టను ఎప్పుడో ఒకసారి పట్టుకుంది కాబట్టి. ఆడవాళ్లు తమ తమ బతుకమ్మలను ఎత్తుకుని వెనక్కి జరిగారు. ఎవరో నీళ్లు తెమ్మని అరిచారు. ఎవరో పసుపు అన్నారు.

ముత్తమ్మ చివరి వరుస నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. స్టేజీ ఎక్కి సంధ్య చెంప మీద కొట్టింది. "ఎవరు నేర్పిన్రే నీకు? ఎవరు నేర్పిన్రు?" అని మళ్లీ కొట్టింది. కొట్టిన ప్రతిసారీ తల తిప్పి శివరాం ముఖం చూసింది, ఇది చాలునా, ఇంకా కావాలా అన్నట్టు. ఆ ముఖంలో ఏమీ కనబడలేదు. మళ్లీ కొట్టింది. సంధ్య ముక్కులోంచి రక్తం వచ్చి గౌను మీద పడింది. మైకు ఇంకా పిల్ల చేతిలోనే ఉండటంతో ప్రతి దెబ్బా స్పీకర్లలో వినిపించింది.

"అమ్మవారి ముందర గదేం కొట్టుడు?" అంది ప్రతీక్ష. "నెత్తురు పడితె ఇంకింత మైల. కొట్టేదుంటె బయటికి తీస్కపోయి కొట్టు."

ముత్తమ్మ చేయి ఆగిపోయింది.

గుంపులోంచి పెంటమ్మ గొంతు వినిపించింది. "టీచరే గదా కింద పడ్డయే తెమ్మన్నది. మన గల్లీల ఇంక ఏడ పడ్తయి పూలు?"

అందరూ స్నేహల్ వైపు చూశారు. ఆమె ముఖం పాలిపోయింది. "నేను... చెట్టు కింద పడ్డవి అన్నాను. ఇలాంటివి అనలేదు. హే కాయ్ మాజీ చుక్ నాహీ" అంది. తన తప్పు కాదన్న ఆ ముక్కను మరాఠీలో అనేసి, మైకు వైరు చుట్టడంలో పడింది.

ప్రతీక్ష వెనక్కి తిరిగింది. "పెంటమ్మా, పూల ముచ్చట నీకెందుకే? నీ తలల పూలు పోయి ఎన్నేండ్లాయె?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొందరు నవ్వారు. పెంటమ్మ చీపురు తీసుకుని మండపం వెనక్కి పోయింది. కడగడానికి ఆమే కావాలి ఎలాగూ.

శివరాం అరవలేదు. ముత్తమ్మ దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా, సావు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"తప్పు పిల్లది కాదు ముత్తమ్మా."

ముత్తమ్మ రెండు చేతులూ జోడించింది. "కాదు కాకా. పసిది. దానికేం ఎర్క."

"నీది గూడ కాదు. మీరు గంతే. మీకు తెల్వదు. తెల్వనోళ్లను తెచ్చి మా పిల్లల నడుమ కూసుండబెట్టినం సూడు, గది మాది తప్పు." ఆయన జేబు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "రేపటికెల్లి తోలకు."

"కాకా, దీపావళి దాక అన్నవు గద. గా సైటుల గుంత..."

"గా బొమ్మ నువ్వే తియ్యి. మావోళ్లు ముట్టరు. గల్లీల పారెయ్యకు. ఆఁ, బాల్వాడీల నీ ఇటుకలున్నయి, గవి గూడ తీస్కపో."

ముత్తమ్మ అట్టను అమ్మవారి పాదాల దగ్గర నుంచి తీసింది. ఆమె మెట్లు దిగుతుంటే జనం ఇటూ అటూ తప్పుకుని దారి ఇచ్చారు. వెనక నుంచి పసుపునీళ్లు చల్లుకుంటూ వచ్చారు. అవి ఆమె మడమల మీద పడ్డాయి. బాల్వాడీలో ఇటుకలు తీసి నెత్తిన పెట్టుకుంది. అట్టను చంకలో పెట్టుకుంది. సంధ్య ముక్కు తుడుచుకుంటూ వెంట నడిచింది. కాసేపటికి ఏడుపు ఆపి, తల్లి చంకలోకి చూసింది.

"అమ్మా, బొమ్మ మన ఇంటికి తీస్కపోతున్నమా?"

ఆ గొంతులో సంతోషం ఉంది.

ఫాక్‌లాండ్ రోడ్డు మూల మీద చెత్త డబ్బా దగ్గర ముత్తమ్మ ఆగింది. ఒక చేత్తో ఇటుకలు పట్టుకుని, రెండో చేత్తో అట్టను డబ్బాలోకి తోసింది. అట్ట పెద్దది, సగం బయటే నిలిచింది. మోకాలితో నొక్కింది. పేలాలు ఊడి రోడ్డు మీద పడ్డాయి. సంధ్య వంగబోయి, తల్లి చేయి చూసి ఆగిపోయింది.

మండపంలో అమ్మవారి కాళ్ల దగ్గర మరునాడు విక్కీ చేసిన గులాబీ బ్యాటు పెట్టారు. స్నేహల్ పంపిన చెట్టు ఫొటో సంస్థవాళ్లకు చాలా నచ్చింది. కొత్త ఏడు క్యాలెండర్‌లో వేస్తాం, పిల్ల పేరు రాయండి అన్నారు. బాల్వాడీ పట్టీలో సంధ్య పేరు ఎప్పుడూ లేదు. స్నేహల్ కాసేపు ఆలోచించి, విక్కీ అని రాసి పంపింది. ప్రతీక్ష ఆ సంగతి విని టీచర్‌కు ఒక చీర పెట్టింది.

మండపంలో గొడవైన మరునాడే ముత్తమ్మ సంధ్యను సైటుకు తీసుకుపోయింది. పాత చీర ఒకటి నిలువునా చింపి, పేని, తాడు చేసింది. ఒక కొస సంధ్య నడుముకు కట్టింది. రెండో కొస పిల్లర్‌లోంచి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వకు కట్టింది. పిల్లను గుంత వైపు నడవమంది. సంధ్య నడిచింది. గుంత ఇంకా కొంచెం దూరంలో ఉండగానే తాడు బిగిసింది. ముత్తమ్మకు అది చాలలేదు. వెనక్కి వచ్చి తాడును చువ్వకు ఇంకో మూడు చుట్లు చుట్టింది.

కూలీల మీద అజమాయిషీ చేసే ముకద్దం అటుగా పోతూ చూశాడు. "మేకను కట్టినట్టు కట్టినవేందే?" అని నవ్వాడు.

"మేకనే సేటు. జర సూస్తుండు" అంది ముత్తమ్మ, నెత్తి మీద తట్ట ఎత్తుకుంటూ.

పొద్దెక్కింది. ముత్తమ్మ మెట్లెక్కి పోయి, దిగి వచ్చి, మళ్లీ ఎక్కింది. సంధ్య చువ్వ చుట్టూ తిరిగింది. తాడు పొట్టిదైతే వెనక్కి తిరిగి పొడుగు చేసుకుంది. ఎక్కడి నుంచో గాలికి ఒక పండుటాకు ఎగిరి వచ్చి ఆమె కాళ్ల ముందు పడింది. పసుపు రంగులో, అంచుల్లో ఎరుపుతో, ఈనెలన్నీ కనబడుతూ. సంధ్య దాని ముందు గొంతుక్కూర్చుంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

ముత్తమ్మ ఖాళీ తట్టతో దిగి వచ్చినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంది.

"ఏమైందే? ఆడుకో."

"అమ్మా, ఇది ఎవరు సస్తె పడ్డది?"

ముత్తమ్మ ఆకు వైపు చూడలేదు. నీళ్లు నిండిన గుంత వైపు కూడా చూడలేదు. తట్ట కింద పెట్టి, పిల్ల నడుము దగ్గర ముడిని గట్టిగా లాగి చూసింది. సంధ్యకు నొప్పి పుట్టి "స్" అంది.

"ముట్టకు" అని, తట్ట ఎత్తుకుని పోయింది.